పీకిన వేరు, వదిలిన వేరు

జూన్‌లో బడి తెరవగానే మొక్కలొస్తాయి. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కానుగ, వేప, గన్నేరు మొక్కలు ట్రాక్టరు మీంచి దిగుతాయి. గుంటలు తీయాలి, నాటాలి, నీళ్లు పోయాలి, ఫోటో తీసి పంపాలి. మహబూబాబాద్ జిల్లా గూడూరు దిక్కున, అడవి అంచున ఉన్న చిన్న బడి మాది. మూడు వానాకాలాల కింద ఇట్లాగే మొక్కలు దిగినప్పుడు గుంటలు తీద్దామంటే జాగా కనిపించలేదు. గోడ వెంబడి అంతా పాత పొదల మొద్దులే.

బోరింగు పక్కన ఒక వావిలి పొద ఉండేది. ఏటా ఎవరో ఒకరు నరుక్కుపోగా మిగిలిన మోకాలెత్తు మొద్దు, దాని చుట్టూ నాలుగైదు సన్న కొమ్మలు. గేటు దగ్గర రెండు ముసలి మందారాలు. వెనక గోడ పొడుగునా లంటానా కంప. బడిని అందంగా చేద్దామనుకున్నాం. ఏడో తరగతి పిల్లలు ఇళ్ల నుంచి గడ్డపారలు, పారలు, గొడ్డళ్లు తెచ్చారు. రెండు రోజుల్లో వావిలిని, మందారాలను వేర్లతో సహా లేపి అవతల పారేశాం. కంప దగ్గరికి వచ్చేసరికి పిల్లల చేతులు గీరుకుపోయాయి. మేమూ ఒకరిద్దరం చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాం. చివరికి కొడవళ్లతో పైపైన కోసి, ఇప్పటికి ఇది చాలు అన్నాం. వావిలి ఉన్న చోట క్రోటన్ మొక్కలు పెట్టాం. ఫోటో బాగానే వచ్చింది.

శ్రావణంలో ఒక ముసలమ్మ బడికి వచ్చింది. ఇంట్లో మనుమరాలు బాలింత. వావిలాకు వేసి కాచిన నీళ్లతో బాలింతకు స్నానం చేయించడం మన ఇళ్లలో ఉన్నదే. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా బోరింగు దగ్గరికి పోయి నిలబడింది. కాసేపు క్రోటన్ల వంక చూసింది. తర్వాత మమ్మల్ని కోయలో అడిగింది. మేం అలవాటుగా తెలుగులో జవాబు చెప్పాం. ఆ మాటలను తెలుగులో పెడితే ఇట్లా ఉంటాయి.

“ఇక్కడి వావిలి ఏది నాయనా?”

“పాత మొద్దు గదా అవ్వా, ఎండిపోయిందని తీసేసినం.”

“ఎవరినడిగి తీసిండ్రు?”

మా దగ్గర జవాబు లేదు.

“ఎండితే ఏంది, వానకు చిగురు పెడతది గదా. ఊరంతా ఇక్కడి ఆకే కోసుకుంటది.” ఆమె వెనక గోడ దిక్కు చూసింది. కోసిన కంప అప్పటికే నడుమెత్తు లేచింది. “దాన్ని మాత్రం ఉంచిండ్రు. అది గుచ్చుతదని ఉంచిండ్రు. ఇది గుచ్చదు గనుక పీకిండ్రు.”

ఆమె కోపంగా అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, వాగు దిక్కు నడిచి పోయింది. ఆ ఎండాకాలానికి క్రోటన్లు చచ్చిపోయాయి. కంప మాత్రం గోడ దాటి రోడ్డు మీదికి వంగింది.

ఆమె మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. కొత్తది నాటాలంటే పాతదాన్ని పీకాలి అని అందరూ అంటారు. అభివృద్ధి గురించి మాట్లాడేవాళ్లు అంటారు, సంస్కరణ గురించి మాట్లాడేవాళ్లు అంటారు, పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మేమూ అంటాం. కానీ ఏ పాతదాన్ని? ఎంత లోతుకు? ఎవరిని అడిగి? ఈ మూడు ప్రశ్నలు వేసుకోకుండా గడ్డపార పట్టుకుంటే ఏం జరుగుతుందో మా బడి తోటలో చూశాం. మా చేతులు తేలికైన దాన్ని పీకాయి, కష్టమైన దాన్ని వదిలాయి. దానికి మేం పెట్టుకున్న పేరు మాత్రం ‘శుభ్రం చేయడం’.

ముందు మొద్దుల సంగతే చెప్పుకుందాం. అన్ని మొద్దులూ ఒకటి కావు. కొన్ని చెట్లను నరికితే అంతటితో పోతాయి. వావిలి, తునికి, మోదుగ లాంటివి నరికిన కొద్దీ చిగురిస్తాయి. తునికాకు కోసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చలి తగ్గేటప్పుడు తునికి పొదలను మొదటికంటా కొట్టేస్తారు. ఏప్రిల్ చివరికల్లా వేరు నుంచి లేత పిలకలు లేస్తాయి. ఆ పిలకల ఆకే బీడీకి పనికొస్తుంది. యాభై ఆకులు పేర్చి కట్ట కట్టి, కల్లంలో పరిచిన రోజులు మనందరికీ గుర్తే. మాలో చాలామంది పుస్తకాలు, చెప్పులు కొనుక్కున్నది ఆ డబ్బుతోనే. పైన కొట్టడం, కింద వేరును కాపాడడం ఒకే పనిలో ఉన్నాయి. నరకడం వేరు, పీకడం వేరు. తెలుగులో ‘వేరు’ అంటే చెట్టు వేరు, విడిపోయినది అని కూడా అర్థం. వేరు తెగినవాడు వేరైపోతాడు.

పీకాల్సి వచ్చినప్పుడు కూడా దానికో పద్ధతి ఉంది. మొద్దును ముందే నేల మట్టానికి కోయకూడదు. మోకాలెత్తు ఉంచితే అటూ ఇటూ ఊపడానికి పట్టు దొరుకుతుంది. వాన పడి నేల మెత్తబడ్డాక, లేదా ముందురోజు సాయంత్రం నీళ్లు నిలగట్టాక, చుట్టూ మూరెడు దూరంలో గాడి తీయాలి. పక్క వేర్లను ఒక్కొక్కటిగా నరకాలి. ఆ తర్వాతే గడ్డపారతో తల్లి వేరును లేపాలి. గుంటలో ఎండు కట్టెలు వదిలి పైన కొత్త మొక్క పెడితే చెదలు పడతాయి. కట్టె కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని అదే పట్టుకోవడంతో కొత్త మొక్క పచ్చబడకుండా పాలిపోతుంది. అందుకే గుంటలోని కట్టె ముక్కలు ఏరేసి, కొత్త మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు నింపి, ఒక వాన ఆగి నాటాలి. వావిలి గుంట విషయంలో మేం ఇవేవీ చేయలేదు. పీకిన రోజే నాటాం.

లంటానా సంగతి ఇంకో తీరు. ఇది మన అడవి మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి రెండు వందల ఏళ్ల కింద, పూలు అందంగా ఉన్నాయని తోటల్లో కంచెకోసం దొరలు తెచ్చారు. పిట్టలు పండ్లు తిని గింజలు మోసుకుపోయాయి. ఇప్పుడు అది కమ్మిన అడవిలో కింద గడ్డి మొలవదు, పశువులు మేయవు. పైన కోస్తే అది చావదు. కాండం, వేరు కలిసే చోట మెడ లాంటి భాగం ఒకటి ఉంటుంది. చిగుళ్లన్నీ అక్కడి నుంచే వస్తాయి. నేల మట్టానికి ఒకటి రెండు అంగుళాల లోపల, ఆ మెడకు కింద, తల్లి వేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా నిలబెడితే ఎండిపోతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఉత్తరాది పులుల అడవుల్లో దీన్ని వాడారు. తర్వాత రెండు మూడేళ్లు, పిట్టలు వాలే చెట్ల కింద మొలిచే పిల్ల మొక్కలను కూడా ఏరుతూ ఉండాలి. అంటే కంప పీకడం ఒక్క రోజు శ్రమదానంతో అయ్యే పని కాదు.

మా చుట్టుపక్కల మూడు జిల్లాల్లో ఈ ప్రశ్న మూడు రూపాల్లో కనిపిస్తుంది.

జనగామ దిక్కు పోతే అడవి ఉండదు. మెట్ట నేల, చెరువులు, తండాలు. అక్కడ చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంటుంది. ఆ పేరులోనే దాని చరిత్ర ఉంది. 1870లలో జమైకా నుంచి గింజలు తెప్పించి, వంటచెరకు కోసమని కడప దిక్కున సర్కారే నాటించింది. తర్వాత అది ఎవరి మాటా వినలేదు. నరికితే మొదట్లోంచి పది కొమ్మలు వేస్తుంది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు చాలాచోట్ల దాన్నీ యంత్రాలతో లేపారు. వేరు మిగిలిన చోట మళ్లీ వచ్చింది. దీన్ని పీకాలనడంలో ఎవరికీ అనుమానం ఉండదు అనుకుంటాం. కానీ ఆ తుమ్మను కొట్టి, బట్టీ పెట్టి, బొగ్గు చేసి అమ్ముకుని బతికే కుటుంబాలున్నాయి. మేకలు దాని కాయ తింటాయి. చెడ్డ చెట్టు కింద కూడా కొందరి పొయ్యి వెలుగుతూ ఉంటుంది. పీకొద్దని దీనర్థం కాదు. పీకేముందు ఆ పొయ్యి సంగతి అడగాలని అర్థం.

మా మహబూబాబాద్ అడవి మండలాలు, కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం దిక్కు వస్తే పోడు చేల కథ. మా తాతలు పోడు కొట్టినప్పుడు చెట్టును మోకాలెత్తున నరికేవారు, మొద్దును పీకేవారు కాదు. బయటివాళ్లు దాన్ని బద్ధకం అన్నారు. అది బద్ధకం కాదు, లెక్క. వేరు ఉంటే వాలు నేల కొట్టుకుపోదు. రెండు మూడేళ్లు జొన్న, సామ పండించి చేను వదిలేస్తే, ఆ మొద్దులే చిగురించి మళ్లీ అడవి అవుతాయి. ఇప్ప చెట్టునైతే అసలే ముట్టేవారు కాదు. తర్వాత పత్తి వచ్చింది, మిర్చి వచ్చింది, ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరుకు మొద్దు అడ్డం. జేసీబీ పెట్టి లేపించాం. తునికి వేర్లూ పోయాయి. చేలోనే ఆకు కోసుకున్న ఆడవాళ్లు ఇప్పుడు దూరం నడుస్తున్నారు.

ఇక్కడ మేం పాతకాలాన్ని పొగిడి ఊరుకోదల్చుకోలేదు. తాతల దగ్గర ఒక చేను వదిలితే ఇంకో చోటుండేది. మనకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు. 2023 జూన్ 30న తెలంగాణలో మొదలైన పోడు పట్టాల పంపిణీలో కాగితం దొరికినవాళ్లకైనా ఉన్నది ఆ రెండు మూడెకరాలే. దాన్ని వదిలి పోలేరు, దాని మీదే ఏటా పండించాలి. అలాంటి చేలో నడి మధ్య మొద్దు ఉంచమని రైతుకు చెప్పే హక్కు, నెలజీతం తీసుకునే మాకు లేదు. కానీ గట్టు మీది మొద్దును, వాలు చివరి మొద్దును, ఇప్పను, తునికిని కూడా అదే జేసీబీతో ఎందుకు లేపాలి? గంటకు ఇంత అని కిరాయి కట్టినప్పుడు డ్రైవరు అన్నింటినీ ఒకేలా చూస్తాడు. చేను ఎవరిదో వాళ్లు పక్కన నిలబడి, ఇది ఉంచు, అది తీయి అని చెప్పాలి. మన ఊళ్లలో చాలాసార్లు ఆ నిలబడే మనిషే ఉండడు.

మూడోది భూపాలపల్లి. అక్కడ బొగ్గు కోసం ఓపెన్‌కాస్టు గనులు తవ్వారు. ఓపెన్‌కాస్టులో ఏ వేరు ఉంచాలి, ఏ వేరు పీకాలి అన్న ప్రశ్నే పుట్టదు. పైమట్టి, అడుగుమట్టి, రాయి అన్నీ ఎత్తి గుట్టలుగా పోస్తారు. తర్వాత ఆ గుట్టల మీద వరసలుగా మొక్కలు నాటుతారు. దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది. ఆ మొక్కల్లో బతికేవి బతుకుతాయి, నాటడం తప్పు కాదు. కానీ పాత నేలలో ఏ గడ్డ ఎక్కడ దొరికేదో, ఏ చెట్టు కింద ఏ దేవర ఉండేదో, ఆ తెలివి గుట్ట మీద మొలవదు. ఆ బొగ్గుతో వచ్చే కరెంటు మా బడిలోనూ వెలుగుతుంది కాబట్టి మేం చేతులు కడుక్కోలేం. పాత వేరు ఒక్కటీ మిగలకుండా కొత్తది నాటితే ఎట్లా ఉంటుందో చూడాలంటే మాత్రం ఆ గుట్టలను చూస్తే చాలు.

ఇప్పుడు మా సొంత వృత్తి దగ్గరికి వస్తాం. ఇది చెప్పడం అన్నింటికంటే కష్టం.

డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్న రెండేళ్లలో మాకు నేర్పిన బోధనా సూత్రాల్లో మొదటిది ‘తెలిసిన దాని నుంచి తెలియని దానికి’. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. ఉద్యోగంలో చేరాక ఒకటో తరగతిలో ఏం చేశామో చూడండి. నీళ్ల బిందె బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగాం. కోయ పిల్ల “ఏరు” అంది. కోయలో ఏరు అంటే నీళ్లు. మేం కోయ ఇంట్లో పుట్టినవాళ్లమే, మాకు తెలియనిది కాదు. అయినా “తప్పు, నీళ్లు అనాలె” అన్నాం. తెలుగులోనూ ఏరు ఉంది, నీళ్లు పారే చోటును ఏరు అంటాం. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే పిల్లకు ఒక్క క్షణంలో దారి దొరికేది. మేం వావిలిని పీకినట్టు ఆ మాటను పీకి, గుంటలో కొత్త మాట పెట్టాం. కోయ మాట్లాడితే మాలో కొందరం రూపాయి జరిమానా వేశాం, కొందరం నిలబెట్టాం. ఆ పిల్ల తర్వాత చాలా నెలలు తరగతిలో నోరు తెరవలేదు. మొద్దబ్బాయి, మొద్దమ్మాయి అని మేం పేరు పెట్టిన పిల్లల్లో ఎందరు నిజంగా మొద్దులో, ఎందరి చిగురు మేం నరికామో ఇప్పుడు లెక్క తీయలేం. జనగామ దిక్కు తండాల బడుల్లో గోర్‌బోలి మాట్లాడే పిల్లలకూ ఇదే జరిగిందని అక్కడి తోటి ఉపాధ్యాయులు చెబుతారు.

దారి లేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేసి, ఎంపిక చేసిన బడుల్లో మొదలుపెట్టారు. పిల్ల ముందు తన భాషలో చదివి, మెల్లగా తెలుగులోకి రావాలన్నది ఆలోచన. ఆ పుస్తకాలు చేరిన చోట కూడా మాలో కొందరం వాటిని బీరువాలోనే ఉంచాం. 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. పిల్లల భాష తెలిసిన టీచరు ఉండాలన్నది దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసినప్పుడు మేమంతా బాధపడ్డాం, ధర్నాలు చేశాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ అది అమల్లో ఉన్న ఇరవై ఏళ్లలో మేం తరగతి గదిలో ఎన్ని పాఠాలు కోయలో మొదలుపెట్టాం? కోర్టు తీసింది మన హక్కును. భాషను తీసింది మాత్రం మన చేతులే.

దీనికి తల్లిదండ్రుల జవాబు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. “మా బతుకు మాకు చాలు సారూ, పిల్లలకు ఇంగ్లీషు చెప్పండి. కోయ నేర్చుకుంటే ఉద్యోగమిస్తరా?” అంటారు. అడవిలో పత్తి చేను మధ్య మొద్దు ఉంచమని చెప్పలేనట్టే, పాత మాటను పట్టుకుని కూర్చోమని వాళ్లకు చెప్పలేం. వాళ్ల పిల్లలకు తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి, కంప్యూటరు కావాలి. మా పిల్లలకు మేమూ అదే కోరుకున్నాం.

అయితే పీకడం, వదిలేయడం అనే రెండు దారులే ఉన్నాయా? చెలకల్లో అడవి రేగు ఉంటుంది. దాని పండు చిన్నది, పులుపు. వేరు మాత్రం చాలా లోతుకు పోతుంది, కరువును తట్టుకుంటుంది. తెలిసిన రైతులు దాన్ని పీకరు. ఎండాకాలంలో మొదటికి కొట్టేస్తారు. మొద్దు నుంచి లేచిన కొత్త కొమ్మకు వానాకాలంలో మంచి రకం రేగు కన్ను తెచ్చి అతికిస్తారు. పెద్ద పండు వస్తుంది, నీళ్లు మాత్రం పాత వేరే తోడుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఎండిపోయే నేలలో కూడా ఇది నిలబడుతుంది. బడి చేయాల్సిన పని ఇదే అని ఇప్పుడు మేం నమ్ముతున్నాం. కోయ మీద తెలుగు అంటు, తెలుగు మీద ఇంగ్లీషు అంటు. ఏరు అన్న పిల్లకు ముందు “అవును” అని, తర్వాత “దీన్నే తెలుగులో నీళ్లు అంటాం” అని చెప్పడం. ఆ ‘అవును’కు ఒక్క క్షణం పడుతుంది, ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.

మరి మేం పీకకుండా వదిలిన కంప ఏది? ముసలమ్మ మాటలో రెండో సగం ఇది. మన పాటను, మాటను, ఇప్పపువ్వు తినడాన్ని, తాతల పేర్లను మనం తేలిగ్గా వదిలేశాం. అవి ఎదురు తిరగలేదు. ఎదురు తిరిగే వాటి జోలికి పోలేదు. మంత్రాలు చేశారన్న అనుమానంతో సొంత ఊరి మనిషినే కొట్టడం, చంపడం ఇంకా పోలేదు. ఏడో తరగతి అయిన ఆడపిల్లకు పెళ్లి చూడడం పోలేదు. ప్రతి గూడేనికీ చేరిన బెల్టు షాపు పోలేదు. పండుగకు దేవర ముందు పోసే ఇప్పసారా వేరు, ప్రతి సాయంత్రం కూలి డబ్బంతా తాగేయడం వేరు. అన్నిటికంటే లోతుగా దిగింది మన మీద మనకున్న చిన్నచూపు. అది మన నేల మొక్క కాదు. లంటానాలాగే బయటివాళ్లు తెచ్చి నాటిందే. ఇప్పుడు మాత్రం మన లోపలే పూస్తోంది.

వీటి మీద మేం ఏమీ చేయలేదని కాదు. ర్యాలీ తీశాం, ప్రతిజ్ఞ చేయించాం, గోడల మీద రాయించాం. అదంతా కొడవలితో పైపైన కోయడమే. కంపకు మెడ ఉన్నట్టు వీటికీ ఉంది, చిగుళ్లు అక్కడి నుంచి వస్తున్నాయి. జ్వరమొచ్చిన పిల్లవాడికి ఆ రాత్రి మందు దొరకక చనిపోతే, ఎందుకు చనిపోయాడో చెప్పేవాళ్లు లేకపోతే, ఆ ఖాళీలో మంత్రాల అనుమానం మొలుస్తుంది. అక్కడ మంత్రాలు అబద్ధమని పాఠం చెప్పడంతో పాటు, రక్తపరీక్ష చేసేవాళ్లు, మందు ఇచ్చేవాళ్లు ఊరికి వచ్చేదాకా అడగాలి. పై తరగతికి బడి దూరమై, హాస్టల్లో సీటు దొరకక, దారిలో భయమై ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటే పెళ్లి మాట మొలుస్తుంది. అక్కడ చట్టం చదివి వినిపించడంతో పాటు, ఆ పిల్లను ఎనిమిదో తరగతిలో చేర్పించేదాకా మేం తిరగాలి. ఇందులో చేతులు గీరుకుంటాయి. బెల్టు షాపు నడిపేవాడు మన బంధువే కావచ్చు, మంత్రగాడని వేలు చూపించినవాడు కులపెద్దే కావచ్చు. మేం వెనక్కి తీసుకున్న చేతుల వెనక ఉన్న భయం ఇదే.

చివరగా ముసలమ్మ మొదటి ప్రశ్న: ఎవరినడిగి? చట్టమూ ఈ ప్రశ్న వేస్తుంది. 1996 పెసా చట్టం మన ఏజెన్సీ ఊళ్లలో ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 చట్టం అటవీ హక్కులను తేల్చే పని గ్రామసభతోనే మొదలుపెట్టింది. బయటివాళ్లు మన వేరు మీద చెయ్యి వేసినప్పుడు ఈ చట్టాల పేరు గట్టిగా చెబుతాం, చెప్పాలి కూడా. కానీ ఊరి వావిలిని పీకేటప్పుడు మేం ఊరినే అడగలేదు. చదువుకున్నాం గనుక మాకు తెలుసు అనుకున్నాం. అడవి శాఖవాళ్లో, కంపెనీవాళ్లో అట్లా అనుకుంటే అన్యాయం అంటాం. మన టీచర్లు అనుకుంటే దానికి వేరే పేరు ఉండదు. అట్లాగని గ్రామసభ చెప్పిందల్లా న్యాయమూ కాదు. మంత్రగాడని తీర్పు చెప్పిందీ నలుగురు కూర్చున్న చోటే. అందుకే అడగడం ఒక్కటే చాలదు. ఆ నలుగురిలో ఆడవాళ్లున్నారా, ఆకు కోసుకునేవాళ్లున్నారా, దెబ్బ తినబోయేవాళ్లున్నారా అని కూడా చూడాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీ చేతికి గడ్డపార వస్తుంది. కొందరు టీచర్లవుతారు, కొందరు సర్పంచులవుతారు, కొందరు ఆఫీసర్లవుతారు. ఒక పాత మొద్దు ముందు నిలబడినప్పుడు కాసేపు ఆగండి. ఇది ఎవరికి పనికొస్తోందో కనుక్కోండి. పక్కనున్నదాన్ని ఇది బతకనిస్తుందా, చంపుతుందా చూడండి. తర్వాత మీ చేతులను మీరే అడగండి: కష్టమని దాన్ని వదులుతున్నామా, తేలికని దీన్ని పీకుతున్నామా అని.

ఆ మరుసటి ఏడాది వేసవి చివర మేం గోనెసంచులు చేతులకు చుట్టుకుని కంప దగ్గరికి పోయాం. మెడ కింద నరికి, పొదలను తలకిందులుగా ఎండలో నిలబెట్టాం. పదమూడు రోజులు పట్టింది. ఇప్పటికీ వానలు పడగానే పిల్ల మొక్కలు లేస్తున్నాయి, ఏరుతున్నాం. వాగు ఒడ్డు నుంచి వావిలి కొమ్మలు తెచ్చి బోరింగు పక్కన నాటాం. మొదటి రెండు ఎండిపోయాయి, మూడోది బతికింది. ఎక్కడ నాటాలో ఈసారి ముసలమ్మనే అడిగాం, కోయలోనే అడిగాం. మాటలు కొంచెం తడబడ్డాయి.

మొన్న ఆమె వచ్చి చూసింది. ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, “ఇంకో రెండేండ్లు ఆగాలె, ఇప్పుడు కోస్తే చస్తది” అని చెప్పి పోయింది. పీకడానికి మాకు ఒక పూట పట్టిన పొద అది.